అంచు వేయని టోపీ

జ్ఞానమ్మ చేతులు బియ్యప్పిండిలో అద్దుకుని, దులుపుకుని, మళ్ళీ టోపీలు అల్లే ఊచలు అందుకుంది. మాఘమాసపు పొద్దుటి మంచులో కూడా ఆమె అరచేతులు చెమర్చేవి. తడిచేత్తో లాగితే దారం బిగుసుకుపోయి పీచు లేస్తుంది. అందుకని పక్కనే కొబ్బరిచిప్పలో ఇంత పిండి ఎప్పుడూ ఉండేది. ఆ పిండికోసం చీమలు వచ్చేవి. చీమలకోసం కోడిపెట్ట వచ్చేది. కోడిపెట్టను తోలడానికి, ఆ చివర కూర్చుని లేసు అల్లే ఏసమ్మ కేకలు వేసేది. రాజమహేంద్రవరం మిషను ఆవరణలో, అల్లికల సావడిలో పొద్దు ఇలాగే మొదలవుతూ ముప్పై అయిదేళ్ళు గడిచాయి.

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేపుతున్న రోజులవి. ఇనుము మీద ఇనుము కొట్టే చప్పుడు నీటి మీదుగా సావడిదాకా వినిపించేది. ఆ చప్పుడుకి మొదట్లో జ్ఞానమ్మ కుట్లు తప్పేవి. తరువాత చెయ్యి దానికే అలవాటుపడిపోయింది. ఇప్పుడు ఆదివారం నాడు చప్పుడు ఆగిపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

ఆమె పొట్టి మనిషి. చామనఛాయ ముఖం మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చలు, నుదుటి దగ్గర పల్చబడిన జుట్టు. కళ్ళజోడుకి ఒక కాడ విరిగిపోతే, ఆ వైపు దారం కట్టి చెవికి తగిలించుకుంది. ఆ దారం మాత్రం కళ్ళజోడు ఫ్రేము కంటే అందంగా ఉండేది, ఎందుకంటే దాన్ని గొలుసుకుట్టుతో తనే అల్లింది. ఏళ్ళతరబడి దారం తిరిగి తిరిగి కుడిచేతి చూపుడువేలి మీద చిన్న గాడి పడింది. వేడి గిన్నె దింపేటప్పుడు ఆ వేలితో తాకి చూసేది, అక్కడ కాలదు కాబట్టి.

ఊచల సంగతి కూడా చెప్పాలి. పూర్వం ఒక పాదిరీగారి గొడుగు గోదావరి గాలికి తిరగబడి విరిగిపోయింది. ఆయన దాన్ని పారేయబోతే జ్ఞానమ్మ అడిగి తీసుకుంది. గొడుగుకి ఎనిమిది ఊచలు. కమ్మరి దగ్గర నాలుగు పొడుగ్గా, నాలుగు పొట్టిగా కోయించి, కొనలు నున్నగా అరగదీయించుకుంది. పొడుగువి పెద్దవాళ్ళ టోపీలకి, పొట్టివి పసివాళ్ళ టోపీలకి. మూడు ఊచల మీద కుట్లు కూర్చుంటే నాలుగోది చేతిలో తిరుగుతుంది. పని ఆపేటప్పుడు కుట్లు జారిపోకుండా కొనలకి జీలుగు బెండు ముక్కలు గుచ్చుతుంది. గొడుగు పోయింది, పాదిరీగారు కూడా పోయారు, ఊచలు మాత్రం అరిగి వెండిలా మెరుస్తున్నాయి.

ఆ వేళ ఆమె ఒళ్ళో ఉన్నది పడవ నడిపే చిట్టియ్య టోపీ. మగ్గం దించాక సాలెవాళ్ళ దగ్గర మిగిలే పోగుల్ని పేనిన ముతక నూలు. వంతెనకి రాళ్ళు మోసే పడవల మీద తెల్లవారకముందే నిలబడేవాళ్ళకి చెవులు కప్పే టోపీ కావాలి. అంచు జానెడు పొడుగున అల్లి, పైకి రెండు మడతలు పెట్టాలి. ఆ మడతలో వాళ్ళు చుట్ట దాచుకుంటారు. తల తడిసినా ఫరవాలేదు గాని చుట్ట తడవకూడదు.

ఒక్కో దారానికి ఒక్కో గుణం ఉందని జ్ఞానమ్మ నమ్మేది. కోరుకొండ వైపు గొల్లవాళ్ళు తెచ్చే గొర్రె ఉన్నితో ముసలివాళ్ళకి చెవిదొప్పలున్న టోపీలు అల్లేది. ఆ ఉన్ని గుచ్చుకుంటుందని వాళ్ళు ఫిర్యాదు చేస్తే, "గుచ్చుకుంటే మంచిదేలెండి, ప్రసంగంలో కునుకు పట్టదు" అనేది. పిఠాపురం వైపు నుంచి ఏ పెద్దింటివాళ్ళో పట్టుదారం పంపితే దానికి కుచ్చిళ్ళ అంచు. పట్టుకి గారాబం ఎక్కువ, ఒక కుట్టు జారితే వరసంతా అలిగి కూర్చుంటుంది. దొరల సీమ నుంచి మిషను పెట్టెల్లో వచ్చే మెత్తటి ఊలుతో పసిపిల్లల టోపీలు. వాటికి కొందరు గవ్వల అంచు అడుగుతారు, కొందరు తనంతట తానే పైకి చుట్టుకునే చుట్టంచు అడుగుతారు. అడిగేవాళ్ళకి చూపించడానికి అన్ని రకాల అంచులూ బెత్తెడు బెత్తెడు ముక్కలుగా అల్లి, ఒక తాడుకి గుచ్చి గోడ మేకుకి వేలాడదీసింది. సావడిలో అందరూ దాన్ని అంచుల దండ అనేవారు.

అల్లిక నేర్పిన పెద్ద దొరసాని టోపీని అంచు దగ్గర మొదలుపెట్టి మాడు దగ్గర ముగించేది. వాళ్ళ దేశంలో అందరూ అంతేనట. జ్ఞానమ్మ దాన్ని తిరగేసింది. మాడు దగ్గర ఆరు కుట్లతో మొదలుపెట్టి, పెంచుకుంటూ చెవులదాకా వచ్చి, అంచు ఆఖర్న వేస్తుంది. పెద్దవాళ్ళ విషయంలో అది కొలత కోసం. పసిపిల్లల విషయంలో కారణం వేరు. బిడ్డ పుట్టి ఏడ్చిందని కబురు వచ్చేదాకా ఆమె ఏ టోపీకీ అంచు వేయదు. మాడు నుంచి చెవులదాకా అల్లి, కుట్లు ఊచల మీదే ఉంచి, బెండు గుచ్చి పక్కన పెడుతుంది. కబురు వచ్చాక తల్లి ఏ అంచు అడిగితే ఆ అంచు వేసి పంపుతుంది.

పందొమ్మిదేళ్ళ వయసులో, దొరసాని నేర్పినట్టే అంచుతో మొదలుపెట్టి, కడుపులో ఉన్న తన బిడ్డకి టోపీ ముందుగానే పూర్తిచేసి మడతపెట్టుకుంది. టోపీ ఉంది, బిడ్డ మాత్రం ఊపిరి లేకుండా పుట్టింది. మళ్ళీ కడుపు పండలేదు. భర్త ఏసుపాదం మిషను పడవ నడిపే సరంగు. మంచివాడు. ఆ టోపీ ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. ఆయన పోయి కూడా తొమ్మిదేళ్ళయింది.

ప్రభువుని నమ్మినవాళ్ళు ఇలాంటి పట్టింపులు పెట్టుకోకూడదని ఇప్పటి పాదిరీగారు రెండు మూడుసార్లు చెప్పారు. "అలాగేనండి" అంది జ్ఞానమ్మ. ప్రార్థన మానలేదు, అంచు ముందుగా వేయడమూ మొదలుపెట్టలేదు. రెండూ కలిపి చేస్తే నష్టమేమిటో ఆయన చెప్పలేకపోయారు. తరువాత ఆయన భార్యకి నెలలు నిండినప్పుడు, టోపీ చెవులదాకా వచ్చిందా అని ఆయనే కబురంపి కనుక్కున్నారు.

సావడి ఆడవాళ్ళకి ఇంకో పట్టింపు కూడా ఉండేది. తమలో ఎవరైనా కన్నుమూస్తే, ఆమె చేతిలో సగంలో ఆగిన పనిని సమాధికి తీసుకువెళ్ళేలోపు మరొకరు పూర్తిచేయాలి. లేకపోతే ఆ చేతులకి విశ్రాంతి దొరకదని వాళ్ళ నమ్మకం. నాలుగేళ్ళ కిందట మార్తమ్మ పోయినప్పుడు ఆమె లేసుని జ్ఞానమ్మే కూర్చుని ముగించింది. ఈ సంగతి ఎవరూ పాదిరీగారికి చెప్పలేదు.

మంచు ఇంకా విడవలేదు. సంపూర్ణమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మెట్లెక్కి వచ్చింది. ఆడపిల్లల బడిలో మాస్టారు రాజరత్నం భార్య ఆమె. పెళ్ళయి పన్నెండేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి మూడో నెలలోనే సంతోషం పట్టలేక రాజరత్నం గుడిలో అందరిచేతా ప్రార్థన చేయించాడు. అయిదో నెల రాకుండానే అయిపోయింది. రెండోసారీ అంతే. ఆ తరువాత ఆదివారాలు వరుసగా ఒక్కొక్కరే పలకరించడం, చెయ్యి పట్టుకుని నిట్టూర్చడం. ఆ పలకరింపులు తలుచుకుంటే సంపూర్ణమ్మకి ఇప్పటికీ గుడి మెట్లు ఎక్కబుద్ధి కాదు.

"పిన్నిగారూ, సన్నసూది ఏదైనా ఉందాండి?"

"మొన్ననే ఇచ్చాను కదమ్మాయ్. తినేశావా ఏంటి?"

సంపూర్ణమ్మ నవ్వలేదు. సావడిలో ఆ చివర ఏసమ్మ లేసు అల్లుకునే దిండు సర్దుకుంటోంది. సంపూర్ణమ్మ జ్ఞానమ్మ పక్కన కూర్చుని, నూలు ఉండని చుడుతున్నట్టు చేతిలోకి తీసుకుంది.

"మూడో నెలండి" అంది మెల్లగా.

జ్ఞానమ్మ ఊచలు ఆగలేదు. ఆగితే ఏసమ్మ తలెత్తి చూస్తుంది. కాని ఆమె గుండె ఒక్కసారి ఎంత నిండిపోయిందంటే, వరసగా నాలుగు కుట్లు ఎటు వేసిందో ఆమెకే తెలియలేదు.

"మాస్టారికి చెప్పావా?"

"లేదండి. ఆయన ఆనందం దాచుకోలేరు. ముఖంలో కనబడిపోతుంది. అయిదో నెల దాటాక చెబుతాను. ఈసారి ఎవరికీ తెలియకూడదండి, పిన్నిగారూ. పోతే నాతోనే పోవాలి."

"పోతే గీతే అనకు. ఇంతకీ నాకెందుకు చెప్పావు మరి?"

"మీరు టోపీ మొదలుపెడతారని." సంపూర్ణమ్మ నూలు ఉండని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రెండుసార్లూ మీరు టోపీ మొదలుపెట్టకముందే పోయాయి కదండీ. మీ ఊచల మీద ఒకటి ఉందంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

జ్ఞానమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "మొదలుపెడతాను. ఇవాళే. శ్రావణమాసానికి వస్తుందన్నమాట. ముసురు రోజులు. మెత్తటి ఊలు కావాలి."

సంపూర్ణమ్మ లేస్తూ గోడ వైపు చూసింది. అంచుల దండలో గవ్వల అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, వెంటనే వదిలేసింది. జ్ఞానమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"అంచు సంగతి పిల్ల ముఖం చూశాక చెబుదువుగాని" అంది. "అంచు మాత్రం నువ్వే వెయ్యాలి. నేను చెవులదాకా తెచ్చి నీకిస్తాను."

"నేనాండి? నా పనితనం మీకు తెలుసు కదండీ. బడిలో నేర్పినప్పుడు మీరేగా నవ్వేవారు."

"నవ్వానులే. నీ అంచు బళ్ళబాటలా పోతుంది. అయినా పన్నెండేళ్ళు ఎదురుచూసిన తల్లివి, ఆ అంచు ఇంకొకళ్ళు వేస్తే ఏం బావుంటుంది? వంకర పోతే పోనీ, పక్కన కూర్చుని తిడతాను."

ఇప్పుడు సంపూర్ణమ్మ నవ్వింది. సూది తీసుకోవడం మరిచిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

జ్ఞానమ్మకి అసలు చిక్కు అప్పుడు తోచింది. ఆమె పొట్టి ఊచలు తీసిందంటే ఎవరో నీళ్ళోసుకున్నారని ఆవరణంతా తెలిసిపోతుంది. చూసినవాళ్ళు ఎవరిదని అడుగుతారు. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. చెబితే ముఖం మీదున్న మచ్చలు కూడా ఎర్రబడతాయని ఏసుపాదం ఏడిపించేవాడు. కాసేపు ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. పెట్టె అడుగున చుట్టిపెట్టిన కనకాంబరం రంగు ఊలు ఉండ తీసి, చిట్టియ్య టోపీ లోపల దాచింది. పొట్టి ఊచలు కూడా అందులోకే పోయాయి. పడవవాడి తల చిన్నదేమీ కాదు, ఆ టోపీలో పసిపిల్ల టోపీ సుఖంగా పడుతుంది. పెద్ద టోపీని ఒళ్ళో బోర్లా పరిచి, దాని కడుపులో ఆరు కుట్లతో చిన్నది మొదలుపెట్టింది. ఏసమ్మ చూస్తే పెద్దదానిలో ఒక వరస, ఏసమ్మ చూడకపోతే చిన్నదానిలో మూడు వరసలు.

కాని ఏసమ్మ కళ్ళు చాలా చురుకు. ఆమెకి తన లేసు కంటే పక్కవాళ్ళ పని మీద శ్రద్ధ ఎక్కువ.

"ఏంటి వదినా, పొద్దున్నించీ ఆ నూలు టోపీ అంగుళం పెరగలేదు?"

"ఎడం చెయ్యి సరిగ్గా రావడం లేదే. మొద్దుబారినట్టుంది" అంది జ్ఞానమ్మ. అది అబద్ధం కాదు. తెల్లవారి లేచినప్పటి నుంచీ ఆ చెయ్యి భుజం దాకా బరువుగా ఉంది. అబద్ధమాడకుండా తప్పించుకోవడానికి పనికొచ్చినందుకు ఆ చేతి మీద ఆమెకి కాస్త కృతజ్ఞత కూడా కలిగింది.

"ఆముదం కాచి రాసుకో. చలికి పట్టేసుంటుంది" అని ఏసమ్మ మళ్ళీ తన దిండు మీదికి వంగింది.

ఎండ వచ్చాక చిట్టియ్య వచ్చాడు. నల్లటి పొడుగాటి మనిషి, తల నిండా రాళ్ళ దుమ్ము. సావడి మెట్ల కిందే నిలబడ్డాడు.

"అప్పా, టోపీ అయిందాండి?"

"అంచులో కొంత మిగిలింది."

"ఏదీ, ఒకసారి పెట్టి చూసుకుంటానండి" అంటూ ఆమె ఒళ్ళోకి చెయ్యి చాచాడు. జ్ఞానమ్మ టోపీని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. లోపల ఊచ ఒకటి చురుక్కుమని గుచ్చుకుంది.

"ఆ తలతోనా? పోయి ముందు తలంటుకో. దుమ్ము తల మీద కొత్త టోపీ పెట్టనిచ్చేది లేదు."

చిట్టియ్య తన తల తానే తడుముకుని చూసి సిగ్గుపడ్డాడు. "ఆయ్. నిజమేనండి. పొద్దుగూకేలోపు వస్తానైతే. అంచు మాత్రం రెండు చుట్టలు పట్టేలా ఉండాలప్పా."

"మూడు పట్టేలా వేస్తాను, వెళ్ళు."

మధ్యాహ్నం అందరూ గిన్నెలు ముందుంచుకుని కూర్చున్నారు. చద్దన్నం, ఎండుచేప వేపుడు, మాగాయ టెంక. తినేటప్పుడు ఏసమ్మ పాత కథ ఒకటి ఎత్తుకుంది. మొట్టమొదటిసారి సీమకి పంపడానికి రెండు డజన్ల ఊలు టోపీలు అల్లిన కథ. బట్ట అన్నాక గంజి పెట్టకుండా పంపితే మర్యాదగా ఉండదని అందరూ కూడబలుక్కుని, టోపీలన్నీ ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఎండబెట్టి, శంఖంతో రుద్ది మెరుగు పెట్టారు. అవి కుండల్లా బిర్రబిగుసుకుపోయాయి. పెద్ద దొరసాని ఒకదాన్ని బల్ల మీద పెడితే అది ఒరగకుండా నిలబడింది. ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. తరువాత టోపీలన్నీ మళ్ళీ ఉతికించి, అది ఒక్కటి మాత్రం అలాగే అట్టిపెట్టుకుని, సూదులూ బొత్తాలూ వేసుకోవడానికి వాడుకుంది. స్వదేశం వెళ్ళేటప్పుడు దాన్ని కూడా పట్టుకెళ్ళింది.

"ఆ గంజి ఆలోచన నీదే, వదినా" అంది ఏసమ్మ.

"నీదే. నాది శంఖం ఆలోచన" అంది జ్ఞానమ్మ. ఈ తగువు ప్రతి ఏడూ ఉండేదే. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. జ్ఞానమ్మ మామూలు కంటే నాలుగు ముద్దలు తక్కువే తిన్నా, టెంక మాత్రం ఆఖరిదాకా చప్పరించింది.

భోజనాలయ్యాక మిగిలినవాళ్ళు లోపలి గదిలో చాపల మీద నడుం వాల్చారు. జ్ఞానమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎవరూ లేకపోవడంతో చిన్న టోపీని ధైర్యంగా బయటికి తీసింది. ఎండలో కనకాంబరం రంగు వెలిగిపోయింది. చేతులు వాటంతట అవే నడిచాయి. మాడు దగ్గర గుండ్రంగా విచ్చుకున్న పని మెల్లగా చెవుల వైపు దిగుతోంది. ఎడమచెయ్యి బరువు వల్ల మధ్యమధ్య ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా టోపీని పిడికిలికి తొడిగి చూసుకునేది. ఆమె పిడికిలి సరిగ్గా పసిపిల్ల తలంత ఉండేది. ముప్పై అయిదేళ్ళుగా అదే ఆమె కొలత.

ఎన్ని తలలు కప్పి ఉంటుందో అని ఆ పూట ఎందుకో ఆలోచన వచ్చింది. పడవల మీద, గుడిలో వెనక వరసల్లో, నిడదవోలు దారిలో బండి తోలేవాళ్ళ మీద, ఎక్కడో మంచు పడే దేశంలో ఆమెకి ముఖం తెలియనివాళ్ళ మీద. పిల్లలు లేరని జాలిపడేవాళ్ళు వచ్చి పోతుండేవారు. ఆమెకి వాళ్ళ మీద కోపం లేదు, కాని వాళ్ళు అనుకున్నంత దిగులూ లేదు. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే పిల్లల్లో సగం మంది మాడులు ఆమెకి తెలుసు. ఆమెకి ఈ బతుకు నచ్చింది.

నలభై ఎనిమిది కుట్లకి చేరి, చెవుల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. ఇక్కడిదాకానే తన పని. మూడు ఊచల కొనలకీ బెండు ముక్కలు గట్టిగా గుచ్చింది. తరువాత చిట్టియ్య టోపీ తీసుకుని, రెండు సూటి కుట్లు, రెండు తిరుగుడు కుట్లు వేసుకుంటూ జానెడు అంచులో మిగిలిన వరసలు ముగించి, దారం తెంపి, కొస లోపలికి దోపింది. పైకి మడిచి, చుట్టలకి బదులు మూడు వేళ్ళు దూర్చి చూసుకుంది. సరిపోయింది. చిన్న టోపీని ఊచలతో సహా అందులో పెట్టి, మిగిలిన ఊలు ఉండ కూడా కుక్కి, ఒళ్ళో ఉంచుకుంది. కళ్ళజోడు తీసి దారం విప్పింది. వంతెన మీద ఇనుము మోగుతోంది. ఎండ మోకాళ్ళ మీద వెచ్చగా ఉంది. ఆమె తల స్తంభానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

కాసేపటికి కోడిపెట్ట మెట్లెక్కి వచ్చింది. కొబ్బరిచిప్పలో పిండిని ఒకసారి పొడిచి, అదిలింపు కోసం ఆగి, మళ్ళీ పొడిచింది. చిప్ప ఒరిగి పిండి నేలంతా పడింది. పెట్ట తీరిగ్గా జ్ఞానమ్మ పాదం మీదికెక్కి తినసాగింది.

"వదినా, ఆ కోడిని తోలవే!" లోపల నుంచి ఏసమ్మ అరిచింది. ఇంకోసారి అరిచి, విసుక్కుంటూ లేచి వచ్చి, కోడిని తరిమి, జ్ఞానమ్మ భుజం పట్టుకుని కదిపింది. ఆ భుజం అప్పటికే చల్లబడి ఉంది.

నాలుగు గంటల వేళకి ఆమెని కొత్త చాప మీద పడుకోబెట్టారు. చేతులు ఒకదాని మీద ఒకటి చేర్చారు. గాడిపడ్డ వేలు పైకి వచ్చింది. సమాధి మర్నాటి పొద్దున్న అనుకున్నారు. పాదిరీగారు పల్లెలకి వెళ్ళి ఉండటంతో, ప్రార్థన చదవడానికి రాజరత్నం మాస్టారు పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఆవరణలోని ఆడవాళ్ళందరూ చాప చుట్టూ చేరారు. సంపూర్ణమ్మ ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుంది. బిగ్గరగా ఏడిస్తే ఎందుకంత ఏడుపని అడుగుతారని కొంగు నోట్లో కుక్కుకుంది.

పొద్దుగూకుతుండగా చిట్టియ్య వచ్చాడు. తలంటుకుని, నూనె రాసి, నున్నగా దువ్వుకుని వచ్చాడు. లోపల జనాన్ని చూసి మెట్ల కిందే ఆగిపోయాడు. ఎవరో సంగతి చెప్పారు. అతను రెండు చేతులూ తల మీద పెట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

"తలంటుకు రమ్మందండి అప్ప" అన్నాడు. "అంటుకుని వచ్చానండి."

ఏసమ్మ ముక్కు తుడుచుకుంటూ లేచింది. "నీ టోపీ అయిపోయిందయ్యా. అదే ఆవిడ ఆఖరి పని. తీసుకుపో" అని, నూలు టోపీ అందించబోయింది. లోపల ఏదో బరువు తగిలి విప్పి చూసింది. కనకాంబరం రంగు ఉండ దొర్లుకుంటూ వెళ్ళి చాప అంచున ఆగింది. ఏసమ్మ చేతిలో మూడు పొట్టి ఊచల మీద చిన్న టోపీ మిగిలింది, నాలుగో ఊచ అడ్డంగా గుచ్చి ఉంది.

అందరూ దాన్ని చూశారు. అది ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

"ఎవరిదే ఇది?" అంది ఏసమ్మ. ఒక్కొక్కరి ముఖమే చూసింది. పెళ్ళయిన పిల్లలు తలలు అడ్డంగా ఊపారు. సంపూర్ణమ్మ నేల చూసింది. నోరు విప్పితే రేపటి నుంచి ఆవరణంతా ప్రార్థనలు, పలకరింపులు, చేతులు పట్టుకోవడాలు. గుడి మెట్లు మళ్ళీ కళ్ళముందు కనిపించాయి.

ఏసమ్మ చాప పక్కన చతికిలబడి, నాలుగో ఊచ చేతిలోకి తీసుకుంది. "ఎవరిదైనా కానీ. మార్తమ్మ పని ఈవిడ ముగించింది, ఈవిడ పని నేను ముగిస్తాను. సగం పనితో వదినని పంపించను."

"పుట్టని బిడ్డదేమో, అత్తా. అంచు వేసేయడమేనా?" అని ఎవరో సణిగారు.

"నాదీ అని ఒక్కరూ అనడం లేదు కదే. వదిన మాత్రం నా కళ్ళెదుట ఉంది" అంది ఏసమ్మ. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఒక కొన నుంచి బెండు ముక్క ఊడబీకింది. ఊచని మొదటి కుట్టులోకి దూర్చి, దారం చుట్టింది.

"వెయ్యకండి, ఏసమ్మత్తా." సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "అది నాది."

రాజరత్నం పుస్తకంలో తిప్పబోయిన కాగితం అలాగే ఆగిపోయింది. ఆయన భార్య ముఖం చూశాడు, ఏసమ్మ చేతిలోని టోపీ చూశాడు, మళ్ళీ భార్య ముఖం చూశాడు.

ఏసమ్మ ఊచ ఆపింది. వేసిన ఒక్క కుట్టునీ జాగ్రత్తగా వెనక్కి తీసి, మళ్ళీ పాత ఊచకి ఎక్కించింది. "నీదేనా తల్లీ" అంది. ఆ తరువాత చాప వైపు తిరిగి నిస్సహాయంగా చూసింది. "మరి వదిన పని సగంలో ఉండిపోతుందేమే."

"ఉండదండి. చెవులదాకానే తన పని అన్నారు. అంచు నన్ను వెయ్యమన్నారు, పొద్దున్న." సంపూర్ణమ్మకి ఇక ఏడుపు దాచుకోవలసిన అవసరం లేకపోయింది. "వంకర పోతే పక్కన కూర్చుని తిడతానన్నారండి."

ఏసమ్మ టోపీని దీపం దగ్గరికి తీసుకువెళ్ళి, వరస లెక్కపెట్టి చూసింది. ఎక్కడా కుట్టు జారలేదు, ఎక్కడా దారం వేలాడలేదు. చెవుల దగ్గర వరస సరిగ్గా ముగిసి ఉంది. "అవునే" అంది చివరికి. "వదిన తన పని ముగించుకునే వెళ్ళింది."

అప్పుడు రాజరత్నం ప్రార్థన మొదలుపెట్టాడు. చదివిన వాక్యమే రెండుసార్లు మళ్ళీ చదివాడు. చనిపోయిన మనిషి ముందు నిలబడి నవ్వకూడదని ఆయన శాయశక్తులా ప్రయత్నించాడు గాని ఆ ముఖం వల్ల కాలేదు. ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు. మెట్ల కింద చిట్టియ్య కొత్త టోపీ తల మీద పెట్టుకుని, చేతులు కట్టుకుని, ప్రార్థన ముగిసేదాకా నిలబడ్డాడు. అంచు మడతలో చుట్టలు పెట్టుకోవడం ఆ పూటకి మరిచిపోయాడు.

మర్నాడు సమాధి నుంచి తిరిగొచ్చాక, సంపూర్ణమ్మ ఊడిన బెండు ముక్కని మళ్ళీ ఊచ కొనకి గట్టిగా గుచ్చింది. కొంగుతో ఊచలు తుడిచింది. ఇంటికి తీసుకుపొమ్మని ఏసమ్మ అంది గాని, శ్రావణందాకా ఇక్కడే ఉండనివ్వండి అని ఆమె దాన్ని గోడ మేకుకి తగిలించింది. అంచుల దండ పక్కనే, మూడు గొడుగు ఊచల మీద నలభై ఎనిమిది కుట్లూ విప్పారి ఉన్న కనకాంబరం రంగు టోపీ, దానికి అడ్డంగా గుచ్చిన నాలుగో ఊచ.